ఎర్రచందనం కన్నా మూడో తరగతి ఖరీదు

చిత్తూరు, తిరుపతి వైపు ఏముంది అని బయటివాళ్లు అడిగితే, ఏడుకొండలవాడి తర్వాత మనం చెప్పే పేర్లు మూడే: శేషాచలం ఎర్రచందనం, కుప్పం గ్రానైట్, చిత్తూరు మామిడి. మూడూ నేల ఇచ్చినవే. "ఇంత సంపద పెట్టుకుని ఇంకా కూలికి బెంగళూరు పోవాల్సిందేనా" అన్న మాట టీకొట్టు దగ్గర మొదలై ఎన్నికల సభ దాకా నడుస్తూనే ఉంటుంది. ఆ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. నేల ఇచ్చినదానికి ధర కట్టేది దాన్ని పట్టుకున్న చేతిలోని విద్య. ఆ విద్యకు పునాది పడేది మూడో తరగతి లోపల. మన డబ్బూ శ్రద్ధా ఎక్కువగా పైఅంతస్తు మీద ఉన్నాయి, కారిపోతున్నది మాత్రం కింద.

ముందు ఎర్రచందనం సంగతే చూద్దాం. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసన, అంటే మన చుట్టుపక్కలే. చేవ దేరడానికి దశాబ్దాలు పడుతుంది. 1995 నుంచి, ముప్పులో ఉన్న జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. ఈ దుంగల్లో అలలు తిరిగిన చారలున్నవాటికి జపాన్‌లో గిరాకీ ఉంది, షమిసెన్ అనే తంత్రీవాద్యం మెడ చెక్కడానికి. ఆ ధర ఎవరికి ముట్టిందో వరసగా చూడండి. అక్కడ వాద్యం చేసే పనివాడికి తరాల పనితనం ఉంది కాబట్టి ఎక్కువ వాటా. మధ్యలో స్మగ్లర్‌కు దండిగా. ఇక్కడ గొడ్డలి పట్టినవాడికి కూలి, లేదా తూటా. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. అడవి మనది, ప్రాణం పొరుగు పేదవాడిది, లాభం ఇద్దరిదీ కాదు.

కుప్పం సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. 1880ల నుంచి తవ్వారు, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు, శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చుకున్నారు. ఖనిజంలో బంగారం పలచబడి, తవ్వే ఖర్చు వచ్చే ధరను మించిపోయాక 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఊరికి మిగిలింది సైనైడ్ బూడిద గుట్టలు. ఈ రోజుకీ అక్కడి జనం తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి రాత్రికి తిరిగొస్తారు. ఆ రైలు ఆగిపోతే ఊరే ఆగిపోతుంది. గని ఖాళీ అయినా పనికొచ్చేది పిల్లలకు నేర్పిన చదువొక్కటే అని దానికన్నా గట్టిగా చెప్పే ఊరు దక్షిణాదిలో ఇంకోటి లేదు.

దీనికి పూర్తి విరుద్ధం పాకాల దారిలోని గాదంకి. అక్కడ నేలలో తవ్వుకోవడానికేమీ లేదు. చుట్టూ కొండలు ఉండటం వల్ల బయటి రేడియో రొద తక్కువ, అంతే. ఆ చిన్న అనుకూలతను పట్టుకుని 1,024 యాంటెనాలను 32 వరసల్లో నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్ మీద పైవాతావరణం గాలులను కొలిచే రాడార్ కట్టారు. ఇప్పుడది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. ఏ లారీలోనూ ఎక్కించుకుపోలేని సంపద అది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, సరైనదే. వనరులున్న దేశాలన్నీ చెడిపోలేదు కదా? నార్వే 1990లో చట్టం చేసి చమురు డబ్బును నిధిలో దాచుకుంది. బోట్స్వానాలో స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది 1967లో వజ్రాలు దొరికితే, ఆ రాబడిలో పెద్ద వాటా బడులకూ రోడ్లకూ పోయింది. కాబట్టి రాయి, చెట్టు ఉండటం శాపమేమీ కాదు. రాయి అమ్మిన డబ్బు ఎటు పోయిందన్నదే లెక్క. మన దగ్గర గ్రానైట్ సీనరేజి, అంటే రాయి తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము, రాబడిగా వచ్చినప్పుడు అందులోంచి ఆ మండలం ప్రాథమిక బడికి ఎంత చేరిందని అడిగిన గ్రామసభ ఎక్కడైనా ఉంటే చెప్పండి.

దక్షిణ కొరియా పేరు ఎత్తితే మనవాళ్లు శాంసంగ్, హ్యూందాయ్ దగ్గర మొదలుపెడతారు. కథ అక్కడ మొదలవలేదు. 1945లో జపాన్ వాళ్లు వెళ్లేనాటికి పెద్దల్లో చదవను రాయను వచ్చినవాళ్లు అయిదో వంతు చిల్లర. ఖనిజాలు చాలామటుకు ఉత్తరాన ఉండిపోయాయి. యుద్ధం ముగిసిన వెంటనే, 1954 నుంచి 1959 వరకు నిర్బంధ ప్రాథమిక విద్యకు ఒక ప్రణాళిక పెట్టుకుని, చివరికి బడి ఈడు పిల్లల్లో నూటికి 96 మందిని బడిలో చేర్చారు. ఆ రోజుల్లో విద్యాబడ్జెట్‌లో సింహభాగం ప్రాథమికానికే. ఒక్కో గదిలో అరవై డెబ్భై మంది పిల్లలు, రెండు షిఫ్టులు. పెద్ద పరిశోధన సంస్థ కిస్ట్ వచ్చింది 1966లో. ముందు ఒకటో తరగతి, తర్వాత ఇంజినీరు. వరస అది.

మన వరస వేరుగా నడిచింది. తిరుపతిలో 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960లో వైద్య కళాశాల, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఒకేసారి ఐఐటీ, ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ. ఇన్ని ఉన్న ఊరు మన రాష్ట్రంలో అరుదు, గర్వపడాల్సిందే. అయితే తిరుపతి దగ్గరి ఏర్పేడులో ఉన్న ఆ ఐఐటీలోకి వచ్చే పిల్లవాడిని దేశమంతా జల్లెడ పట్టి తెచ్చుకుంటారు. ఏర్పేడు మండలంలో బడికి పోయే బిడ్డకు ఆ ప్రహరీ గోడ వల్ల ఒరిగేదేమీ లేదు. ఏరడం వేరు, పండించడం వేరు. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల వ్యాపారమంతా ఏరడమే: అప్పటికే బాగా చదివేవాడిని తీసుకుని, ర్యాంకు వచ్చాక ఫ్లెక్సీ కట్టడం.

పండించే చోటికి వద్దాం. పిల్లలకు చదవడం ఎంత వచ్చో కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 27.1 శాతం. సర్కారు బడుల్లో 23.4. అయిదో తరగతికి వచ్చినా సగం మందికి ఆ పాఠం రాదు. ఈ అంకెల మీద ఏడవడం కన్నా, ఆ పరీక్ష ఎలా చేస్తారో తెలుసుకోవడం మేలు, ఎందుకంటే ఎవరైనా పది నిమిషాల్లో చేయవచ్చు.

ఒక కాగితం మీద నాలుగు మెట్లు ఉంటాయి: అక్షరాలు, చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఏడెనిమిది వాక్యాల కథ. మొదలుపెట్టేది పేరా దగ్గర. బిడ్డ మూడు తప్పులకు మించకుండా, పదం పదం తుంచకుండా వాక్యంలా చదివితే కథ ఇవ్వాలి. పేరా రాకపోతే పదాలకు దించాలి, అయిదింట్లో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు. ఎక్కడ నిలబడితే అదే ఆ బిడ్డ మెట్టు. ఒక్క జాగ్రత్త: వాళ్ల పాఠ్యపుస్తకంలోని పాఠం ఇవ్వకూడదు. సగం మంది పాఠాన్ని చెవితో నేర్చుకుని ఉంటారు, పేజీ మీద వేలు ఒకచోట, నోరు ఇంకోచోట ఉంటాయి. "అమ్మ" గడగడా చదివిన బిడ్డకు "చెమ్మ" చూపించండి. ఆగిపోతే ఆ బిడ్డకు మ ఒత్తు రాదు, అమ్మ బొమ్మ మాత్రమే గుర్తుంది.

తెలుగు చదవడంలో బిడ్డలు జారే చోట్లు చెల్లాచెదురుగా ఉండవు, కొన్ని కచ్చితమైన చోట్లే ఉంటాయి. మొదటిది ఒకేలా కనిపించే జతలు: ప–వ–ష, ద–ధ–థ, మ–య. వ కు కొమ్మిచ్చిన వు ను మ అనుకోవడం మరీ మామూలు. రెండోది గుణింతం. ముప్పై అయిదు హల్లులకు పన్నెండేసి చొప్పున వేసుకున్నా 420 రూపాలు. చాలావాటిలో గుర్తులు ఒక పద్ధతిలో నడుస్తాయి, కానీ మొ, యొ, ఘొ లాంటి చోట్ల మామూలు ఒత్వం రాదు, ఎత్వం పక్కన కొమ్ము వచ్చి కూర్చుంటుంది. కలం బలం చదివిన బిడ్డ "మొలక" దగ్గర "మెలక" అంటాడు. మూడోది, అన్నిటికన్నా గట్టిది, ఒత్తులు. గ, డ, బ లాంటి అక్షరాల ఒత్తు ఆ అక్షరంలాగే ఉంటుంది, తలకట్టు ఉంటే తీసేసి కింద పెట్టినట్టు. త, న, మ, య, ర, ల లకు మాత్రం ఒత్తు రూపానికీ అక్షరానికీ పోలికే కనపడదు. దురదృష్టం ఏమిటంటే మన భాషలో తరచూ వచ్చేవాటిలో ఈ ఆరూ ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్ర, పిల్ల. వీటికి విడిగా రెండు మూడు వారాలు కేటాయించి, ఒక్కో ఒత్తుకు పది కొత్త పదాలు చదివించి, పది రాయించాలి. వర్ణమాల అంతా, గుణింతాలన్నీ కంఠతా పట్టాకే పదాలకు పోదామనే పాత అలవాటు ఇక్కడ దెబ్బ కొడుతుంది. ఏడాది గడిచిపోతుంది, బిడ్డ చదివిన వాక్యం ఒక్కటి ఉండదు. ర, గ, ప, డ, వ లాంటి అయిదారు అక్షరాలు రాగానే "గడప", "పడవ" చదివించేయాలి.

లెక్కల్లో కూడా ఇలాంటి ఒక మూల ఉంది. 52 లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 అని రాస్తారు. పిచ్చి జవాబు కాదది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు, అయిదులోంచి రెండు తీస్తే మూడు. పదులూ ఒకట్లూ ఒకే సంఖ్యలో భాగాలని వాడికి ఎవరూ చూపించలేదు. "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని సూత్రం చెబితే వాడు పక్కింట్లో ఒకటి తగ్గించడం మరిచిపోతాడు, ఈసారీ జవాబు 35 గానే వస్తుంది, తప్పు పోదు. చీపురు పుల్లలు వంద తుంచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్లు వేసి కట్టండి. అయిదు కట్టలూ రెండు విడి పుల్లలూ బిడ్డ చేతికిచ్చి ఏడు అడగండి. ఒక కట్ట విప్పక తప్పదు. విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇస్తే అయిదు మిగిలాయి, రెండు కట్టలిస్తే రెండు మిగిలాయి. ఇరవై అయిదు. నాలుగు రోజులు పుల్లలతో చేశాక పలక మీదికి రావాలి. పుల్లల దగ్గరే నెలలు ఆగిపోయే అయివార్లూ ఉన్నారు, అదీ పొరపాటే.

ఇదంతా ప్రతి అయివారికీ తెలియనిదేమీ కాదు. మరి ఎందుకు జరగదు? గంటలు లెక్క వేయండి. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అంటుంది. అరవై మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు అంటే ఒక్కో తరగతికి టీచరు ముఖం కనపడేది 320 గంటలు. ఏకోపాధ్యాయ బడి అయితే 160. అందులోంచి యాప్‌లో హాజరు, భోజనం ఫొటోలు, ఎన్నికల పని, మండల కేంద్రంలో మీటింగులు తీసేయండి. తరగతివారీ పాఠం చెప్పే పద్ధతి ఈ లెక్కలో నిలబడదు.

దీనికి మందు మన పక్కనే తయారైంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల కోసం, 1980ల నుంచీ, ఒకే గదిలో పలు తరగతులు నడిపే పద్ధతి తయారుచేసింది. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. కార్డుల వరసంతా గోడ మీద ఒక నిచ్చెనగా ఉంటుంది. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు ఉంటుంది, అది చూసి బిడ్డే తన కార్డు తీసుకుని తగిన గుంపులో కూర్చుంటుంది. కొత్త సంగతి నేర్పే గుంపు దగ్గర టీచరు, సాధన చేసే గుంపులో పెద్ద పిల్లల సాయం, మిగతావాళ్లు ఎవరి పని వాళ్లు. నాలుగు రోజులు జ్వరంతో పడుకున్న బిడ్డ ఎక్కడ ఆపిందో అక్కడ మొదలుపెడుతుంది. మనకు అలవాటైన పద్ధతిలో ఆ నాలుగు రోజులు ఎప్పటికీ తిరిగి రావు. ఈ పద్ధతిని 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి, తర్వాత కొన్నేళ్లకు తమిళనాడు అంతా పాకింది. మనది మన గడప దాటి పొరుగు రాష్ట్రంలో పేరు తెచ్చుకుంది, ఇంటికి మాత్రం అతిథిలా వచ్చిపోతోంది.

పూర్తి పద్ధతి కుదరని బడిలో సగం పని చేయొచ్చు. రోజుకు గంటన్నర, 3, 4, 5 తరగతుల పిల్లలను కలిపి మెట్టు ప్రకారం కూర్చోబెట్టడం. ప్రథమ్ సంస్థ దేశమంతా చేయించేది ఇదే. ఇది చెడేది మూడు చోట్ల. ఒకటి, గుంపు పేరు బిడ్డకు అంటుకుపోతుంది; పది పదిహేను రోజులకోసారి మళ్లీ పరీక్షించి మార్చకపోతే అడుగు గుంపు "మొద్దుల వరస" అయి కూర్చుంటుంది. రెండు, అనుభవం ఉన్న టీచరు తేలికైన పై గుంపును తీసుకుని, అక్షరాల గుంపును వాలంటీరుకు వదిలేస్తారు, జరగాల్సింది దీనికి పూర్తి విరుద్ధం. మూడు, పైఅధికారి వచ్చి "సిలబస్ ఎంత అయింది" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో అంతా ఆగిపోతుంది.

ఇంగ్లీషు మీడియమా తెలుగా అన్న గొడవలో నేను దూరను. ఒకటే మాట: ఒక లిపిలో ధారగా చదవడం వచ్చిన బిడ్డ రెండో లిపికి త్వరగా అలవాటు పడుతుంది. రెండూ సగం సగం వచ్చినవాడికి ఏ మీడియమైనా చీకటే.

చదువుకు ముందు ఒంట్లో రక్తం ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతానికి రక్తహీనత, 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇనుము తక్కువైన బిడ్డ మొండిది కాదు, పదకొండు గంటలకే నీరసపడుతుంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు వారానికో గులాబీ మాత్ర ఇవ్వాలి, 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఎక్కడ చెడుతుందంటే, ప్రార్థన అవగానే ఖాళీ కడుపున పంచేస్తారు. ఒక బిడ్డ వాంతి చేసుకుంటుంది, మరుసటి వారం గది మొత్తం మాత్రను కిటికీలోంచి విసిరేస్తుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక, టీచరు ఎదుటే మింగించాలి, టీ పాలతో కాకుండా. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా పడితేనే ఆ ఇనుము నిలుస్తుంది.

ఈ చదువంతా మామిడికి ఏం ఒరగబెడుతుంది అంటారా? 2025 సీజన్లో బెంగళూరా (తోతాపురి) కాయకు ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని లెక్క తేల్చారు. కాయ కొనే ర్యాంపుల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. గుజ్జు ఫ్యాక్టరీ లోపలికి తొంగి చూస్తే విలువ ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది. కాయను ఇథిలీన్ వాయువుతో మాగబెట్టాలి, గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు (100 పీపీఎం) దాటకూడదు, కార్బైడ్ నిషేధం. గదిలో గాలి సమంగా తిరగకపోతే సగం కాయ పుల్లగా ఉండిపోయి బ్రిక్స్, అంటే గుజ్జులోని తీపి కొలత, పడిపోతుంది. కడిగి, టెంక తీసి, జల్లెడ పట్టిన గుజ్జును 90 డిగ్రీలు దాటించి వేడిచేసి, చల్లార్చి, గాలి తగలకుండా బ్యాగులో నింపి డ్రమ్ములో పెడతారు. ఒక్కో డ్రమ్ము 215 కిలోలు. బాయిలర్ ఆవిరి ఒత్తిడి కాసేపు తగ్గినా వేడి చాలదు, కొన్నాళ్లకు బ్యాగు ఉబ్బుతుంది, ఆ లాటు మొత్తం వెనక్కి. రికార్డర్ చార్టులో వేడి గీత దిగడాన్ని చూసి లైను ఆపగలిగినవాడు ఆ ఫ్యాక్టరీ లాభాన్ని కాపాడుతున్నాడు.

కొనేవాడు 14 బ్రిక్స్ అడిగాడు. మన దగ్గర 13 బ్రిక్స్ గుజ్జు ఉంది, 17 బ్రిక్స్ గుజ్జూ ఉంది. 13ది మూడు వంతులు, 17ది ఒక వంతు కలిపితే సరి. ఇందులో తీసివేత తప్ప ఏమీ లేదు: పదిహేడులోంచి పద్నాలుగు, పద్నాలుగులోంచి పదమూడు. 52 లోంచి 27 దగ్గర ఆగిపోయిన పిల్లవాడు పదిహేనేళ్ల తర్వాత ఇదే ఫ్యాక్టరీలో డ్రమ్ములు దొర్లిస్తుంటాడు, ల్యాబులోకి మనిషిని బయటినుంచి తెచ్చుకుంటారు.

మధ్యమెట్టు ఐటీఐ, పాలిటెక్నిక్. అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మందీ ఆపైన పనివాళ్లున్న సంస్థ మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్‌లో పావు వంతు, నెలకు 1,500 రూపాయల దాకా, కేంద్రం భరిస్తుంది. కాగితం మీద బాగుంది. కానీ గుజ్జు ఫ్యాక్టరీ నడిచేది మే నుంచి ఆగస్టు దాకా, ఐటీఐ పరీక్షలు సరిగ్గా ఆ వేడిలోనే వస్తాయి. కాయ ఉన్నప్పుడు కుర్రాడు పరీక్షలో ఉంటాడు, కుర్రాడు ఖాళీ అయ్యేసరికి బాయిలర్ చల్లారి ఉంటుంది. జిల్లా స్థాయిలో ఈ రెండు క్యాలెండర్లు కలిపితే చాలు, పైసా ఖర్చు లేదు.

"చదివిస్తే బెంగళూరో అమెరికానో పోతారు, మనకేం మిగులుతుంది" అనే మాటకు జవాబు కూడా కొరియాలోనే ఉంది. వాళ్ల ఇంజినీర్లూ అమెరికా పోయారు. కిస్ట్ పెట్టినప్పుడు మంచి ల్యాబు, మంచి జీతం, ఇల్లు చూపించి వెనక్కి పిలిచారు, వచ్చారు. దేశభక్తి పాఠాలతో ఎవరూ రారు. పైగా చదువు రానివాళ్లు ఇక్కడే ఉండిపోతున్నారా? వాళ్లూ బెంగళూరే పోతున్నారు, కట్టడాల పనికి.

బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం, మొత్తం కమిటీలో సగం ఆడవాళ్లు. ఈసారి పేరెంట్ మీటింగులో బెంచీలు, పెయింటు, యూనిఫాం గురించి మాట్లాడటం అయ్యాక నాలుగు ప్రశ్నలు అడగండి. మూడో తరగతిలో ఎంతమంది? వాళ్లలో పేరా చదివేది ఎంతమంది? పోయిన మూడు నెలల్లో ఆ అంకె ఎంత పెరిగింది? అక్షరాల గుంపుతో రోజూ కూర్చునేది ఎవరు? అయివారిని నిలదీయడానికి కాదు, ఆయనకే ఎంఈవో (మండల విద్యాధికారి) ముందు చెప్పుకోవడానికి ఆ అంకె కావాలి. సిలబస్ ఎంత అయిందని కాకుండా పేరా ఎంతమంది చదువుతున్నారని కమిటీ తీర్మానంలో రాసి సంతకాలు పెడితే, పైనుంచి వచ్చే అధికారి కూడా ఆ పుస్తకం తిరగేసి అదే అడగాల్సి వస్తుంది.